పిల్లల తప్పు జవాబు నుంచి రేపటి పాఠం దాకా: గణితం, సైన్సు టీచర్లకు సమగ్ర మార్గదర్శి

7వ తరగతికి దశాంశాల పాఠం పూర్తి చేసి ఎఫ్‌ఏ (నిర్మాణాత్మక మూల్యాంకనం) పెట్టాను. 20 మార్కుల స్లిప్ టెస్టులో చాలామందికి 15 పైనే వచ్చాయి. రిజిస్టరు నింపి తర్వాతి పాఠానికి వెళ్లిపోయాను. రెండు వారాలు గడిచాక, ఇంకేదో లెక్క చెబుతూ మాటవరసకు అడిగాను: "0.6 మీటర్ల తాడు పొడవా, 0.45 మీటర్ల తాడు పొడవా?" సగం క్లాసు 0.45 అంది. ముందు బెంచీలో కూర్చునే అమ్మాయి కారణం కూడా చెప్పింది. "ఆరు కన్నా నలభై ఐదు పెద్దది కదా సార్."

ఆ అమ్మాయికి స్లిప్ టెస్టులో 18 మార్కులు. నేను ఇచ్చినవన్నీ కూడికలు, తీసివేతలు. పాయింటు కింద పాయింటు వేసి నిలువుగా చేసుకుంటూ పోతే జవాబు వచ్చేస్తుంది. 0.45 అంటే ఎంతో తెలియకుండానే 18 మార్కులు తెచ్చుకోవచ్చు. తప్పు పిల్లది కాదు, నా ప్రశ్నపత్రానిది. ఆ రోజు నుంచి పాఠం తయారుచేసుకునే పద్ధతి మార్చుకున్నాను. అడుగులవారీగా ఇక్కడ రాస్తున్నది ఆ పద్ధతే. ఒక్క టీచరు తన క్లాసులో రేపే మొదలుపెట్టగలిగిన పని సగం, చుట్టుపక్కల బడుల టీచర్లు కలుసుకునే కాంప్లెక్స్ మీటింగులో పదిమంది కలిసి చేయాల్సిన పని మిగతా సగం. రెండోది లేకపోతే మొదటిది ఎక్కువ కాలం నిలవదని నా అనుభవం.

ముందు ఒక మాట తేల్చుకుందాం

గోడ లేస్తుండగానే మేస్త్రి దారానికి గుండు కట్టి వంకర చూసుకుంటాడు. రెండు వరసలు వంకర పోతే అప్పుడే తీసి కడతాడు. ప్లాస్టరింగ్ కూడా అయ్యాక ఇంజనీరు వచ్చి చూసి సర్టిఫికెట్ ఇవ్వడం వేరే పని. నిర్మాణాత్మక మూల్యాంకనం (ఎఫ్‌ఏ) మొదటిది, సంగ్రహణాత్మక మూల్యాంకనం (ఎస్‌ఏ) రెండోది. ఈ తేడాను 1967లో మైకేల్ స్క్రివెన్ పేర్లు పెట్టి చెప్పాడు. 1998లో లండన్ కింగ్స్ కాలేజీకి చెందిన పాల్ బ్లాక్, డిలన్ విలియమ్ సుమారు 250 అధ్యయనాలను పరిశీలించారు. పిల్లలకు ఏం అర్థమైందో ఎప్పటికప్పుడు తెలుసుకుని, దాన్నిబట్టి టీచరు బోధన మార్చుకున్న చోట చదువు బాగా మెరుగుపడుతోందని, వెనుకబడిన పిల్లలకు మరింత మేలు జరుగుతోందని చెప్పారు. ఇందులో కీలకం "బోధన మార్చుకోవడం". పరీక్ష పెట్టి మార్కులు వేసి, మర్నాడు అదే లెసన్ ప్లాన్‌తో ముందుకు వెళ్తే దాన్ని ఎఫ్‌ఏ అని పిలిచినా అది చిన్న సైజు ఎస్‌ఏ మాత్రమే.

మన దగ్గర విద్యాహక్కు చట్టం 2009లోని 29వ సెక్షన్ సమగ్ర నిరంతర మూల్యాంకనం ఉండాలని చెప్పింది. ఆ తర్వాత ఏడాదికి నాలుగు ఎఫ్‌ఏలు, వాటిలో పిల్లల భాగస్వామ్యం, నోటుబుక్కులు, ప్రాజెక్టు, స్లిప్ టెస్టు అనే నాలుగు సాధనాలు వచ్చాయి. సాధనాలు మంచివే. ఆన్‌లైన్‌లో మార్కులు ఎక్కించాల్సిన తేదీ దగ్గర పడేసరికి ఆ టెన్షన్‌లో నాలుగూ నాలుగు కాలమ్‌లుగా మిగిలిపోతున్నాయి. కింది అడుగులకు కొత్త ఫారాలు, యాప్‌లు అక్కర్లేదు. ఉన్న పీరియడ్లలోనే జరిగే పని ఇది.

అడుగు 1: లెసన్ ప్లాన్ కన్నా ముందు తప్పు జవాబులు రాసుకోండి

వచ్చే నెలలో చెప్పబోయే పాఠాల్లో ఒక్క భావన ఎంచుకోండి. సిలబస్ మొత్తానికి ఒకేసారి చేయాలనుకుంటే వారం తిరక్కుండా ఆగిపోతుంది. ఆ భావన దగ్గర పిల్లలు చేసే తప్పులను కాగితం మీద రాసి, ప్రతి తప్పు పక్కన "ఏమనుకుని ఇలా రాసి ఉంటారు?" అన్నది కూడా రాయండి. పిల్లల తప్పులు చాలావరకు అజాగ్రత్త వల్ల వచ్చేవి కావు. వాళ్ల లెక్కలో వాటికి ఒక న్యాయం ఉంటుంది.

8 + 4 = □ + 5 అని ఇస్తే పెట్టెలో 12 రాసేవాళ్లు, 17 రాసేవాళ్లు ప్రతి స్కూల్లో ఉంటారు. ఒకటో తరగతి నుంచి "ఎనిమిదీ నాలుగూ కలిపితే ఎంత అవుతుంది?" అని అడుగుతూ వచ్చాం. "=" గుర్తు వాళ్లకు "అవుతుంది" అనే మాటగా, అంటే "జవాబు ఇక్కడ రాయి" అనే ఆజ్ఞగా స్థిరపడింది. రెండు వైపులా విలువ సమానం అన్న అర్థం వాళ్ల దాకా రాలేదు. అలాంటి పిల్లలకు 8వ తరగతిలో "అటు నుంచి ఇటు వస్తే గుర్తు మారుతుంది" అని సమీకరణాలు నేర్పితే, అది వాళ్లకు మంత్రంలా కనిపించడంలో ఆశ్చర్యం ఏముంది?

ఇక్కడ మన భాష సంగతి కూడా చూడాలి. బయటి నుంచి వచ్చే శిక్షణ మాడ్యూళ్లలో ఇది దొరకదు, మనమే పట్టుకోవాలి. 0.45ను మనం క్లాసులో "సున్నా పాయింట్ నలభై ఐదు" అని చదువుతాం. ఆరు కన్నా నలభై ఐదు పెద్దదన్న పొరపాటును మన నోటితోనే నాటుతున్నాం. "సున్నా పాయింట్ నాలుగు ఐదు" అని చదవాలి. మొదటి వారమంతా "నాలుగు పదో వంతులు, ఐదు నూరో వంతులు" అని చదివిస్తే మరీ మంచిది. భిన్నాల దగ్గర ఇందుకు పూర్తిగా విరుద్ధం. "టూ బై త్రీ" అంటే పిల్లలకు కనిపించేవి ఒకదాని కింద ఒకటి ఉన్న రెండు అంకెలు. "మూడింట రెండు వంతులు" అంటే మూడు సమాన భాగాలు చేసి అందులో రెండు తీసుకున్నామని మాటలోనే ఉంది. ఇంగ్లిష్ మీడియం సెక్షన్ అయినా సరే, ఆ మాటను ఒకసారి వినిపించండి.

సైన్సులో ఈ బాధ ఇంకా ఎక్కువ. పుస్తకంలో బలం, శక్తి, సామర్థ్యం అనేవి మూడు వేర్వేరు భావనలు. ఇంట్లో మూడూ ఒకటే, "ఒంట్లో బలం లేదు" అన్నా "శక్తి లేదు" అన్నా తేడా లేదు. రైతు కుటుంబం నుంచి వచ్చిన పిల్లవాడు "ఎరువు వేస్తే మొక్కకు బలం" అని పుట్టినప్పటి నుంచి వింటాడు. మొక్క తన ఆహారాన్ని మట్టిలోంచి తింటుందని అనుకోవడం అతనికి సహజం. "ఈ నెల కరెంటు ఎక్కువ కాలింది" అనే ఇంట్లో పెరిగిన పిల్ల, బల్బు కొంత కరెంటును తినేసి మిగిలినది బ్యాటరీకి తిరిగి పంపుతుందని చెబుతుంది. ఇవన్నీ మీ కాగితం మీదకు రావాలి.

అడుగు 2: తప్పు దాక్కోలేని ప్రశ్న తయారుచేయండి

మంచి ప్రశ్నకు నా గీటురాయి ఒకటే. ఆ భావన అర్థం కాని పిల్లవాడు అదృష్టవశాత్తు కూడా దానికి సరైన జవాబు రాయకూడదు. దశాంశాలనే తీసుకుందాం. ఇందులో ఒకటి కాదు, రెండు రకాల పొరపాట్లు ఉన్నాయి. కొందరు "పాయింటు తర్వాత అంకెలు ఎక్కువుంటే పెద్దది" అనుకుంటారు. ఇంకొందరు అందుకు వ్యతిరేకం. పదో వంతు కన్నా నూరో వంతు చిన్నదని ఎక్కడో విని "అంకెలు ఎక్కువుంటే చిన్నది" అని తేల్చుకుంటారు. ఇప్పుడు ఈ మూడు జతలు ఇవ్వండి:

క) 0.45, 0.6. ఏది పెద్దది?
ఖ) 0.3, 0.75. ఏది పెద్దది?
గ) 0.5, 0.50. ఏది పెద్దది, లేక సమానమా?

మొదటి రకం పిల్లలు "క"లో 0.45 అంటారు, కానీ "ఖ"లో 0.75 అని సరిగ్గానే రాస్తారు. రెండో రకం పిల్లలు "క"లో 0.6 అని సరిగ్గా రాసి, "ఖ"లో 0.3 అని తప్పుతారు. ఒక్క జతే అడిగి ఉంటే ఒక గుంపు పూర్తిగా మీ కంటపడకుండా పోయేది. "గ" దగ్గర రెండు గుంపులూ బయటపడతాయి. మొదటివాళ్లు 0.50 పెద్దదంటారు, రెండోవాళ్లు 0.5 అంటారు. మూడు జతలకు రెండు నిమిషాలు పడుతుంది. పది లెక్కల స్లిప్ టెస్టు చెప్పలేనిది ఈ రెండు నిమిషాలు చెబుతాయి.

సైన్సుకు నాకు బాగా ఇష్టమైన ప్రశ్న: "సలసల మరుగుతున్న నీటిలో పైకి వచ్చే పెద్ద బుడగల్లో ఏముంది? గాలి, నీటి ఆవిరి, ఆక్సిజన్‌తో హైడ్రోజన్, ఏమీ లేదు." సరైన జవాబు నీటి ఆవిరి. గాలి అన్నవాళ్లు వేడి చేస్తున్న మొదట్లో గిన్నె గోడలకు అంటుకునే చిన్న బుడగలను గమనించి ఉండొచ్చు. అవి నీటిలో కరిగిన గాలివే, కాబట్టి ఆ జవాబులో కొంత గమనింపు ఉంది. ఆక్సిజన్, హైడ్రోజన్ అన్నవాళ్లకు భౌతిక మార్పుకూ రసాయన మార్పుకూ తేడా తెలియలేదు. ఏది ఎంచుకున్నారో చూస్తే చాలు, ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలుస్తుంది. నాలుగు ఆప్షన్లలో రెండు ఊరికే నింపడానికి వేసినవైతే ఆ ప్రశ్న ఈ పనికి ఉపయోగపడదు.

అడుగు 3: చేతులెత్తేవాళ్లను పక్కనపెట్టి అందరి జవాబూ చూడండి

"అర్థమైందా?" అని అడిగితే "అర్థమైంది సార్" అని క్లాసంతా ఒకే గొంతుతో అంటుంది. దాన్ని నమ్మొద్దు. చేయెత్తిన ఐదుగురితో జవాబు చెప్పించుకుని ముందుకెళ్తే మిగతా 35 మంది సంగతి మనకు తెలియదు.

ప్రాథమిక పాఠశాలలో పలకలున్నాయి. ప్రశ్న చెప్పి, రాయమని, "ఒకటి, రెండు, మూడు" అనగానే అందరూ ఒకేసారి పలక పైకెత్తాలి. హైస్కూల్లో పలకలు లేకపోతే వేళ్లు చాలు. ఒకటో ఆప్షన్‌కు ఒక వేలు, నాలుగోదానికి నాలుగు. వేళ్లు గుండెకు ఆనించి చూపించమనండి, పక్కవాడికి కనిపించవు. పీరియడ్ చివర్లో అయితే పాత నోటుబుక్కులోంచి చించిన పావు కాగితం మీద రాయించి తీసుకోండి. పేరు రాయించాలా వద్దా అంటే, మొదటి నెల వద్దనే అంటాను. మార్కులు వేయరన్న నమ్మకం కుదిరాక పిల్లలే పేర్లు రాస్తారు.

ప్రశ్న అడిగాక ఆగండి. 1970లలో అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు సైన్సు క్లాసులను రికార్డు చేసి చూశారు. టీచరు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారు. దాన్ని మూడు సెకన్లు దాటిస్తే పిల్లల జవాబులు పొడవయ్యాయి, మామూలుగా నోరు విప్పనివాళ్లు మాట్లాడారు. మూడు సెకన్లు చిన్నగానే వినిపిస్తుంది కానీ, బోర్డు దగ్గర నిలబడి ఆ నిశ్శబ్దాన్ని ఓర్చుకోవడం కష్టం. మనసులో "ఒకటి, రెండు, మూడు, నాలుగు" లెక్కపెట్టుకోండి. జవాబు రాగానే "కరెక్ట్" అనకుండా "ఎందుకలా అనుకున్నావు?" అని అడగడం దీనికి జోడించండి. అయితే సరైన జవాబుకూ తప్పు జవాబుకూ ఒకే గొంతుతో అడగాలి. తప్పు చెప్పినప్పుడే అడిగితే, "ఎందుకు" అనగానే జవాబు మార్చేయాలని పిల్లలు నేర్చుకుంటారు.

కారణం చెప్పేటప్పుడు ఏ భాషలో చెప్పినా రానివ్వండి. రెండు రాష్ట్రాల్లోనూ ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లో ఒక పక్క ఇంగ్లిష్, ఎదుటి పేజీలో తెలుగు అచ్చవుతున్నాయి. పుస్తకమే రెండు భాషల్లో ఉన్నప్పుడు, పిల్లవాడి ఆలోచన మాత్రం ఇంగ్లిష్‌లోనే రావాలని పట్టుబడితే మనకు వినిపించేది బట్టీ వాక్యమే.

అడుగు 4: రేపు ఏం చేయాలో ఈరోజే తేల్చండి

40 మందిలో ఐదారుగురే తప్పితే పాఠం ముందుకు తీసుకెళ్లి, లెక్కలు చేయించే సమయంలో ఆ ఐదారుగురితో విడిగా కూర్చోండి. సగం సగంగా చీలితే అది అదృష్టమనుకోండి. జవాబు చెప్పకుండా, వేర్వేరు జవాబులు ఇచ్చిన ఇద్దరిద్దరిని కలిపి "మీలో ఎవరిది సరైనదో ఒకరినొకరు ఒప్పించండి" అనండి. నాలుగు నిమిషాల తర్వాత మళ్లీ వేళ్లు చూపించమనండి. క్లాసులో ఎక్కువమంది తప్పితే అదే పాఠాన్ని ఇంకాస్త గట్టిగా చెప్పడం వల్ల లాభం లేదు. వేరే దారిలో రావాలి.

దశాంశాలకు నేను వాడే దారి: గ్రాఫ్ కాగితం మీద 10 గళ్లు వెడల్పు, 10 గళ్లు ఎత్తు ఉన్న చదరం. ఆ చదరం మొత్తం 1. ఒక నిలువు పట్టీ పదో వంతు, ఒక గడి నూరో వంతు. 0.6కు ఆరు పట్టీలు రంగు వేయిస్తాను. పక్క చదరంలో 0.45కు నాలుగు పట్టీలు, ఐదు గళ్లు. రంగు వేస్తూ ఉండగానే పిల్లలు "అయ్యో" అంటారు. తర్వాత మీటరు టేపు మీద 60 సెంటీమీటర్లు, 45 సెంటీమీటర్లు చూపిస్తాను. రూపాయలు, పైసలతో మొదలుపెట్టమని చాలామంది సలహా ఇస్తారు. నాకు అది నచ్చదు. 2.50 అంటే పిల్లలకు రెండు రూపాయలు, యాభై పైసలు అనే రెండు విడి సంఖ్యలు. పాయింటు మధ్యలో గీతలా కనిపిస్తుంది, స్థానవిలువ కనిపించదు. పైగా ఇప్పటి పిల్లలు పైసలను చేత్తో పట్టుకుని ఎరగరు.

భిన్నాల దగ్గర 1/2 + 1/3 = 2/5 అని రాసినవాళ్లకు సూత్రం మళ్లీ చెప్పకండి. "సగం రొట్టె తిన్నావు, దాని మీద ఇంకో ముక్క తిన్నావు. మొత్తం సగం కన్నా తక్కువ తిన్నట్టా, ఎక్కువా?" అని అడగండి. 2/5 సగం కన్నా తక్కువని గీసి చూసుకున్నాక తన జవాబును తానే కొట్టేస్తాడు. టీచరు కొట్టేసిన జవాబు పరీక్షలో మళ్లీ వస్తుంది, తాను కొట్టేసుకున్నది సాధారణంగా రాదు.

అడుగు 5: సైన్సులో చూపించే ముందు ఊహించమనండి

ప్రయోగాన్ని మనం చేసి చూపిస్తే పిల్లలు చప్పట్లు కొడతారు, నమ్మకం మాత్రం మారదు. వరస ఇలా ఉండాలి: ఏం జరుగుతుందో ప్రతి ఒక్కరూ కారణంతో సహా నోటుబుక్కులో రాయాలి, ఆ తర్వాతే చూడాలి, ఆ తర్వాత తేడా ఎందుకు వచ్చిందో వివరించాలి. రాయించకుండా ఊహించమంటే, ఫలితం చూశాక "నేనూ అదే అనుకున్నా" అంటారు.

కరెంటు పాఠంలో బ్యాటరీ, బల్బు, రెండు అమ్మీటర్లు తీసుకోండి. ఒకటి బల్బుకు ముందు, ఒకటి తర్వాత, రెండూ శ్రేణిలోనే. స్విచ్ వేయకముందే "రెండో అమ్మీటరులో తక్కువ చూపిస్తుందా, సమానమా, ఎక్కువా?" అని రాయించండి. "తక్కువ" అన్నవాళ్లే ఎక్కువ ఉంటారు. సూది రెండింటిలోనూ ఒకే గీత దగ్గర ఆగుతుంది. క్లాసు నిశ్శబ్దమవుతుంది. అప్పుడు "మరి ఇంట్లో కాలేది ఏమిటి?" అన్న ప్రశ్న వేయండి. కరెంటు తరగదు, విద్యుచ్ఛక్తి వెలుగుగా, వేడిగా మారుతోంది, మీటరు లెక్కించేది ఆ శక్తినే అన్న మాట అప్పుడే అవసరమవుతుంది, అప్పుడే నాటుకుంటుంది. బడిలో ఒక్క అమ్మీటరే ఉంటే స్థానం మార్చి రెండుసార్లు చదవండి.

మొక్కల ఆహారానికి ల్యాబ్ ప్రయోగం ఒక పీరియడ్‌లో కుదరదు, కథ కుదురుతుంది. 17వ శతాబ్దంలో యూరప్‌లో వాన్ హెల్మాంట్ అనే ఆయన సుమారు 90 కిలోల ఎండిన మట్టిని కుండీలో పోసి, రెండు కిలోల పైచిలుకు బరువున్న విల్లో మొక్క నాటాడు. ఐదేళ్లు నీళ్లు మాత్రమే పోశాడు. చెట్టు 76 కిలోలు దాటింది. ఇక్కడ కథ ఆపి, "మట్టి ఎంత తగ్గి ఉంటుంది?" అని రాయించండి. 70 కిలోలని రాసేవాళ్లుంటారు. నిజానికి తగ్గింది 60 గ్రాములు కూడా కాదు. మరి ఆ బరువు ఎక్కడిది? వాన్ హెల్మాంట్ అంతా నీళ్ల వల్లేనని తేల్చాడు. ఆయనకు గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పాత్ర తట్టలేదు. అంత జాగ్రత్తగా తూకం వేసిన మనిషి కూడా సగమే సరైన నిర్ణయానికి వచ్చాడని పిల్లలకు తప్పక చెప్పండి. తప్పు జవాబు చెప్పడానికి భయపడే పిల్లకు ఇది ఎంతో ధైర్యం.

అడుగు 6: నోటుబుక్కులో మార్కు బదులు ఒక వాక్యం

1988లో ఇజ్రాయెల్‌లో రూత్ బట్లర్ చేసిన అధ్యయనంలో కొందరు పిల్లలకు మార్కులే ఇచ్చారు, కొందరికి వ్యాఖ్యలే ఇచ్చారు, కొందరికి రెండూ ఇచ్చారు. వ్యాఖ్యలు మాత్రమే అందుకున్నవాళ్లు మెరుగుపడ్డారు. రెండూ అందుకున్నవాళ్లకు ఆ లాభం దక్కలేదు. మార్కు కనిపించగానే పిల్లలు పక్కవాడి మార్కు చూస్తారు, కింద రాసిన వాక్యం చదవరు. మన క్లాసులో రోజూ చూసేదే ఇది.

120 నోటుబుక్కుల్లో వాక్యాలు రాయడం ఎవరి తరమూ కాదు. రోజుకు పది పుస్తకాలు తీసుకోండి, ఒక్కోదానిలో ఒక్క లెక్కే చూడండి. "గుడ్", "ఇంకా శ్రద్ధ అవసరం" లాంటివి వద్దు. ఏం చేయాలో చెప్పేలా ఉండాలి: "3వ మెట్టులో బ్రాకెట్ తీశావు. 2(x+3)లో 2 దేన్ని గుణించిందో x = 1 పెట్టి సరిచూడు." లేదా "ఈ ఐదు లెక్కల్లో రెండు తప్పున్నాయి. ఏవో నువ్వే కనుక్కో." మర్నాడు పీరియడ్ మొదట్లో ఐదు నిమిషాలు పిల్లలు ఆ వాక్యానికి జవాబు రాయడానికి ఇవ్వండి. ఆ ఐదు నిమిషాలు ఇవ్వకపోతే రాసిన శ్రమ వృథా. అధికారులు వచ్చినప్పుడు ఎర్ర సిరా టిక్కులేవని అడిగితే, టీచరు ప్రశ్న, దాని కింద పిల్లవాడి జవాబు ఉన్న పేజీ చూపించండి. అంతకన్నా మంచి కరెక్షన్ ఏ పుస్తకంలోనూ ఉండదు.

అడుగు 7: కాంప్లెక్స్ మీటింగును పిల్లల పుస్తకాల చుట్టూ కూర్చోబెట్టండి

ఇదంతా ఒక్కరే చేస్తే అలసిపోతారు. జాతీయ విద్యావిధానం 2020 ప్రతి టీచరూ ఏడాదికి కనీసం 50 గంటలు వృత్తి నైపుణ్య శిక్షణ పొందాలని చెప్పింది. ఆ గంటలు పవర్‌పాయింట్ ముందు కూర్చోవడంతో నిండిపోతే క్లాసులో ఏమీ మారదు. అమెరికా విద్యావేత్త లీ షుల్మన్ 1986లో ఒక ముఖ్యమైన విషయం చెప్పాడు. గణితం తెలియడం ఒకటి, బోధనా పద్ధతులు తెలియడం ఇంకొకటి, ఈ పాఠం ఈ పిల్లలకు ఎక్కడ అడ్డుపడుతుందో, ఏ ఉదాహరణతో ఆ అడ్డు తొలగుతుందో తెలియడం మూడోది. ఎమ్మెస్సీ చదివినా, బీఎడ్‌లో ఫస్ట్ వచ్చినా ఈ మూడోది దానంతట అది రాదు. అది పిల్లల తప్పుల దగ్గర కూర్చుంటేనే వస్తుంది.

దీనికి మన దేశంలోనే గొప్ప ఉదాహరణ ఉంది. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 పాఠశాలల్లో ఒక సైన్సు కార్యక్రమం మొదలైంది. 1978కి జిల్లాలోని మాధ్యమిక పాఠశాలలన్నిటికీ విస్తరించింది, తర్వాత విద్యారంగంలో పనిచేసే ఏకలవ్య అనే స్వచ్ఛంద సంస్థ దాన్ని నడిపింది. ప్రయోగాలు చేస్తూ నేర్చుకోవడం, పుస్తకం దగ్గర పెట్టుకుని రాసే పరీక్షలు అందులో భాగం. అన్నిటికన్నా నాకు విలువైనదిగా కనిపించేది టీచర్ల నెలవారీ సమావేశాలు. క్లాసులో ఎదురైన ఇబ్బందులు అక్కడికి వచ్చేవి, అధ్యాయాలు కూడా టీచర్ల అనుభవాన్నిబట్టి మారేవి. 2002లో ప్రభుత్వం దాన్ని ఆపేసింది. 30 ఏళ్ల ఆ పని మన కాంప్లెక్స్ మీటింగులకు ఇప్పటికీ దారి చూపగలదు.

రెండు గంటల సమావేశాన్ని ఇలా నడపండి. ముందు నెలలో అందరూ ఒకే భావన మీద ఒకే ప్రశ్న తమ క్లాసుల్లో అడిగి రావాలి. ఒక్కొక్కరు పిల్లల జవాబులున్న పది చీటీలు తేవాలి, పేర్లు కనిపించకూడదు.

మొదటి అరగంట చీటీలన్నీ బల్ల మీద కలిపేసి, జవాబులనుబట్టి కుప్పలు చేయండి. ఒప్పు, తప్పు అని రెండు కుప్పలు చేస్తే సరిపోదు. ఒకే రకం ఆలోచన ఉన్నవి ఒక కుప్ప. నలుగురి మధ్య వాదన వస్తుంది. రానివ్వండి, అసలు శిక్షణ అదే. తర్వాత అరగంట పెద్ద తప్పుల కుప్ప ఒకటి తీసుకుని, "ఈ పిల్లలకు రేపు ఏం చేస్తాం?" అని 20 నిమిషాల పాఠం భాగం రాయండి. ఆ తర్వాత అక్కడే, ఆతిథ్యం ఇచ్చిన బడిలో నిజమైన క్లాసుకు ఒకరు ఆ భాగం చెప్పాలి. మిగతావాళ్లు వెనక నిలబడి టీచరును చూడకూడదు. ఒక్కొక్కరు ఇద్దరు పిల్లలను ఎంచుకుని, వాళ్లేం రాశారో, ఎక్కడ ఆగారో, ఏం గుసగుసలాడుకున్నారో రాసుకోవాలి. జపాన్‌లో టీచర్లు చాలా కాలంగా ఇలాగే కలిసి పాఠం తయారుచేసి, కలిసి గమనించి, మళ్లీ మారుస్తుంటారు. మిగిలిన సమయంలో ఆ గమనికలు చదవాలి.

ఒక నియమం గట్టిగా పాటించండి. "మీరు బోర్డు సరిగా వాడలేదు" లాంటి మాటలు రాకూడదు. పాఠం అందరూ కలిసి రాసినది, చెప్పినవాళ్ల మీద తీర్పు ఉండదు. "మూడో బెంచీ అమ్మాయి చదరంలో 0.45కు 45 పట్టీలు గీయబోయి ఆగింది" లాంటి వాక్యాలే రావాలి. ఇన్‌స్పెక్షన్ వాసన తగిలితే వచ్చే నెల చీటీలు తెచ్చేవాళ్లు ఉండరు. రిసోర్స్ పర్సన్ కూడా తన క్లాసు చీటీలు తేవాలి. మరుగుతున్న నీటి బుడగల ప్రశ్నను ముందు టీచర్లందరూ విడివిడిగా రాసుకోవడం మంచి ఆరంభం. మనలోనూ అందరిదీ ఒకే జవాబు ఉండదు. అది ఒప్పుకోగలిగిన గదిలోనే నేర్చుకోవడం మొదలవుతుంది.

డైట్ (జిల్లా టీచర్ల శిక్షణ సంస్థ), బీఎడ్ కాలేజీల్లో చెప్పేవాళ్లకు ఒక విన్నపం. ఇంటర్న్‌షిప్‌కు వెళ్లిన ఛాత్రోపాధ్యాయులతో మొదటి వారం పాఠం చెప్పించకండి. ఒక్కొక్కరు ఒక్క పిల్లతో 20 నిమిషాలు కూర్చుని, ఐదు ప్రశ్నలు అడిగి, సరిదిద్దకుండా వినాలి. విన్నది మాట పొల్లుపోకుండా రాయాలి. సరిదిద్దకుండా ఉండటమే అందరికీ కష్టమనిపిస్తుంది. అది వచ్చాక లెసన్ ప్లాన్ రాయించండి, 40 పేజీల రికార్డు కన్నా ఆ ప్లాన్ ఎంతో మేలుగా ఉంటుంది.

అడుగు 8: రిజిస్టరుతో సర్దుబాటు

మార్కులు ఎక్కించక తప్పదు. రోజూ అడిగే ప్రశ్నలకు మార్కులు వేయకండి, స్లిప్ టెస్టుకు మాత్రం వేయండి. స్లిప్ టెస్టులో సగం ప్రశ్నలు అడుగు 2లో చెప్పినటువంటివి పెడితే ఆ మార్కు కూడా నిజం చెబుతుంది. ప్రాజెక్టు అంటే గైడు చూసి చార్టు మీద ఎక్కించినది కాకుండా, తాను కొలిచి తెచ్చిన పది అంకెలున్న ఒక్క పేజీ అడగండి. ఇంటి కరెంటు బిల్లులో మూడు నెలల యూనిట్లు, గడియారం చూసి లెక్కపెట్టిన నాడి, ఏదైనా సరే.

బహుళ తరగతులు చూసే ఒంటరి టీచరుకు ఇదంతా కుదరదనిపించవచ్చు. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ గ్రామీణ బడుల్లో అభ్యాసాన్ని చిన్న చిన్న కార్డులుగా, నిచ్చెన మెట్లలా అమర్చారు. ప్రతి మజిలీలోనూ పిల్లవాడు ఎంత గ్రహించాడో చూసే కార్డు కూడా ఉంటుంది. వెళ్లి చూడగలిగితే ఒక రోజు సెలవు పెట్టయినా చూడండి.

అడుగు 9: మూడు వారాల తర్వాత మళ్లీ అదే ప్రశ్న

పాఠం చెప్పిన మర్నాడు అందరికీ వస్తుంది. మూడు వారాలయ్యాక, వేరే పాఠం మధ్యలో, ముందస్తు సూచన లేకుండా అంకెలు మార్చి అవే మూడు జతలు ఇవ్వండి. మొదటిసారి, రెండోసారి ఎంతమంది ఏ జవాబు ఇచ్చారో నోటుబుక్కు చివరి పేజీలో రెండు వరసల్లో రాసుకోండి. పాత నమ్మకానికి తిరిగి వెళ్లినవాళ్ల పేర్లకు చుట్టూ గుండ్రం గీయండి. వాళ్లతో వారానికి రెండుసార్లు, మధ్యాహ్న భోజనం తర్వాత పది నిమిషాలు చదరాల కాగితంతో కూర్చోండి. ఆ పేజీని జెరాక్స్ తీయించి, వచ్చే ఏడాది ఆ పిల్లలను తీసుకోబోయే 8వ తరగతి టీచరుకు జూన్‌లో ఇవ్వండి. ప్రశ్నను, దానికి వచ్చిన జవాబుల రకాలతో సహా, కాంప్లెక్స్ ఫైలులో పెట్టండి.